నీలం అట్ట పుస్తకం మీద మా ఇంట్లో జరిగిన విచారణ

ముందే ఒప్పేసుకుంటాను. నేను పెంచి చెబుతాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు, చెప్పినా ఎవరూ నమ్మరు. మా ఆవిడ పద్దెనిమిదేళ్లుగా నా మాటల్ని నాలుగుతో భాగించి వింటోంది. వీధికుక్క తరిమిందని చెబితే "మొరిగిందా?" అంటుంది. ఇందులో తప్పు సగమే నాది. మిగతా సగం నా వృత్తిది. శంషాబాద్ చుట్టుపక్కల ఎవరు ప్లాట్ల వెంచర్ వేసినా తెలుగులో బ్రోచరు రాసేది నేనే. షాద్‌నగర్ దాటి, తర్వాతి ఊరూ దాటి, ఇక దాటడానికేమీ మిగల్లేదు అనుకున్నాక కనిపించే మొక్కజొన్న చేనుని "విమానాశ్రయానికి కూతవేటు దూరంలో" అని రాసి, ఆ పూట కడుపునిండా అన్నం తినగలిగిన మనిషిని. అది చాలదన్నట్టు ఆదివారం పత్రికలో ఒక పేజీ హాస్యం కూడా రాస్తాను.

అయినా ఇప్పుడు చెప్పబోయేదానిలో నిజం పాలే ఎక్కువ. కొలతల్లో తేడాలుంటాయి, అవి మీరే తగ్గించుకోండి. ఒక్కచోట మాత్రం జరగనిది జరిగినట్టు రాశాను. అదేదో చివర్లో నేనే చెబుతాను. మధ్యలో ఆగి వెతక్కండి, నాకు కోపం వస్తుంది. అసలే కోపంగా ఉన్నాను.

ఆ కోపం ఏప్రిల్లో మొదలైంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి తెలుగు పరీక్ష పేపరు ఇంటికి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: ఈ పాఠంలో నీకు నచ్చిన పాత్ర ఏది? ఎందుకు? మా అమ్మాయి రాసిన జవాబు ఇది. "నాకు ఎవరూ నచ్చలేదు. తండ్రి కొడుకు మాట వినడు. కొడుకు ఎవరి మాటా వినడు. తల్లి అందరి మాటా వింటుంది కానీ తను ఒక్క మాటా మాట్లాడదు. ఎద్దు కొంచెం నయం." దానికి సున్నా వేశారు. మామూలు సున్నా కాదు. లోపల గడ్డి పెంచి, నాలుగు పూలమొక్కలు వేసి, మధ్యలో ఫౌంటెన్ పెట్టొచ్చు.

నేను ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లాను. తెలుగు చెప్పే మేడమ్ చాలా మర్యాదస్తురాలు, కుర్చీ వేయించారు.

"సార్, నోట్సులో తల్లి పాత్ర అని రాయించాం కదా," అన్నారు.

"నచ్చిన పాత్ర అని కదండీ అడిగారు?"

"అవును సార్. నచ్చిన పాత్ర తల్లి."

"ఎవరికి?"

"క్లాసు మొత్తానికి సార్."

నలభై మంది పిల్లలకి ఒకే తల్లి నచ్చింది. అదీ అవే ఐదు వాక్యాల్లో, అక్కడే కామాతో. మా పిల్లకి మాత్రం ఎద్దు నచ్చింది. ఒళ్లు మండిపోయి లేచి నిలబడితే పక్కన అద్దాల బీరువా కనిపించింది. నిండా కథల పుస్తకాలు. తాళం వేసి ఉంది. ఆ తాళానికి పసుపూ కుంకుమా తక్కువ. "లైబ్రరీ పీరియడ్ ఉందా?" అంటే ఉందట, బుధవారం, అందులో లెక్కలు చెబుతారట.

ఇంతకీ అసలు నష్టం సున్నా కాదు. ఆ ఎండాకాలం సెలవుల్లో నేను ఒక కథల పుస్తకం తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టాను. పలచటి పుస్తకం, దొంగల కథ. అది దాన్ని అటూ ఇటూ తిప్పి నన్నడిగింది: "నాన్నా, ఇందులో ఇంపార్టెంట్ ఏవి?"

ఏం చెప్పను? ఏ దొంగ ఇంపార్టెంటు, ఏ గోడ ఇంపార్టెంటు? పద్నాలుగేళ్ల పిల్ల, చిన్నప్పుడు కథ చెప్పకపోతే అన్నం కంచం తోసేసిన పిల్ల, దొంగల కథలో పదిమార్కుల ప్రశ్న ఎక్కడుందో వెతుకుతోంది. నాకు ఆ నిమిషాన వచ్చిన కోపానికి మా వంటింట్లో పాలు వాటంతటవే పొంగాయి. జూన్‌లో దాన్ని బడి మాన్పించేశాను. ఓపెన్ స్కూల్లో పేరు నమోదు చేయించి, "ఇక ఇంట్లోనే చదువు. సాహిత్యం నేను చెబుతాను," అని ప్రకటించాను.

మా ఆవిడ విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్ చూస్తుంది. అర్ధగంట ఆలస్యమైతే ప్రపంచం తగలబెడతామనే ప్రయాణికులతో రోజంతా మాట్లాడి మాట్లాడి ఆమెకొక గొంతు వచ్చింది. అందులో కోపం ఉండదు, మార్పూ ఉండదు. ఆ గొంతుతో అంది:

"సరేనండీ. దసరా దాకా చూద్దాం. ఈలోగా అది ఒక్క పుస్తకం, మీరు చదివి వినిపించకుండా, తనంతట తను, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. చదివి నాకు కథ చెప్పాలి. చెప్పిందా, ఇంట్లోనే ఉంటుంది. లేదా, బడంగ్‌పేట్ హాస్టల్."

బడంగ్‌పేట్ హాస్టల్లో మా ఆవిడ అక్క కూతురు చదువుతోంది. మంచి బడే, మార్కులూ బాగానే వస్తాయి. నెలకోసారి ఇంటికి పంపుతారు. వచ్చిన పిల్ల సోఫా మీద కూర్చుని, ఎవరైనా నీళ్లు తాగమనేదాకా తాగదు. మా అమ్మాయి ఆ మాట వినగానే నా వైపు చూసింది. ఆ చూపు నాలుగుతో భాగించినా తగ్గేది కాదు. మా ఇంట్లో నేను రాసినదానికి నవ్వే మనిషి అది ఒక్కతే. అది హాస్టల్‌కి పోతే నేను గోడలకి చదివి వినిపించుకోవాలి.

ఇక నా బోధన మొదలైంది. వృత్తి ఎక్కడికి పోతుంది? టైంటేబుల్ కూడా బ్రోచరులాగే రాశాను. "ఉదయం పది గంటలకు: ప్రకృతి ఒడిలో పఠనానందం." ప్రకృతి ఒడి అంటే మా బాల్కనీ. మూడు తులసి కుండీలు, ఒక వాషింగ్ మెషీను. పైన ప్రతి నాలుగు నిమిషాలకీ ఒక విమానం. మా కాలనీలో కొత్తగా వచ్చినవాళ్లని ఎలా గుర్తుపడతామంటే, వాళ్లు విమానం కింద కూడా మాట్లాడుతూనే ఉంటారు. పాతవాళ్లం వాక్యం మధ్యలో నోరు తెరిచి ఉంచి ఆగుతాం, విమానం పోయాక అక్కడి నుంచే అందుకుంటాం. పెళ్లిచూపుల్లో కూడా అంతే. నేను "సాహిత్యం మనిషిని..." అని ఆగడం, విమానం పోయాక అమ్మాయి "ఆకలి వేస్తోంది" అనడం, ఇలా జూన్ గడిచింది.

పుస్తకం ఎంచిందీ నేనే. మా హాల్లో అద్దాల షోకేసు ఉంది. మా కోస్తా వాళ్ల ఇళ్లల్లో సర్కారు ఉత్తర్వేదో వచ్చినట్టు అందరికీ ఒకటి ఉంటుంది. అందులో తలాడించే బొమ్మ, ఎవరో ఇచ్చిన షీల్డు, కాశీ నుంచి తెచ్చిన చెంబు, వాటి మధ్య దళసరి పుస్తకాలు. అన్నిటికంటే దళసరిది నీలం అట్ట నవల. ఐదు వందల పన్నెండు పేజీలు. దాన్ని రెండు చేతులతో తీసి, దుమ్ము ఊది, అమ్మాయి ఒళ్లో పెట్టి అన్నాను: "ఇది చదివితే చాలు. నేను మూడుసార్లు చదివాను. మూడోసారి కళ్లనీళ్లు ఆగలేదు."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను ఆ పుస్తకం చదవలేదు. ఎప్పుడో పుస్తకాల ఎగ్జిబిషన్లో, చెంబుకీ షీల్డుకీ మధ్య ఖాళీకి సరిపోతుందని కొన్నాను. తొమ్మిది పేజీలు చదివి, ఒక రేవు, ఇద్దరు అన్నదమ్ములు, పడవలు అని తెలుసుకుని, బయటికి వెళ్లాల్సిన పని గుర్తొచ్చి లేచాను. ఆ పని పదకొండేళ్లుగా సాగుతోంది. మరి మూడుసార్లని ఎందుకన్నాను? ఒకసారంటే నమ్మరేమోనని.

జూలై అంతా పుస్తకం పదకొండో పేజీ దగ్గరే తెరిచి ఉంది. నేను వెనక నుంచి వెళ్లి చూడటం, అది పేజీ మీద చూపు పెట్టి వాషింగ్ మెషీను తిరగడం వినడం. ఆఖరికి నాకొక ఉపాయం తోచింది. "రోజూ చదివింది ఎవరికైనా కథగా చెప్పాలి," అన్నాను. ఎవరికి? కింద ఉండే ఓనరక్కకి.

ఓనరక్క ఇక్కడి మనిషి. వాళ్ల బర్రెలు మేసిన జాగాలో ఇప్పుడు విమానాలు దిగుతున్నాయని ఆమె మొదటి రోజే చెప్పింది, ఫిర్యాదుగా కాదు, చుట్టరికం కలుపుతున్నట్టు. బిడ్డని బడి మాన్పించామని తెలిసిన రోజు మెట్లెక్కి వచ్చి నన్ను నిలేసింది. "ఏంది సారూ, గింత తెలివిగల్ల పోరిని ఇంట్ల కూసోవెట్టినవ్? నువ్వేమో సార్లెక్క ఉంటవ్ గని సారువి కాకపోతివి!" కానీ కథ అనగానే మెత్తబడింది. సాయంత్రాలు మెట్ల మీద చాట పెట్టుకుని మొక్కజొన్న కంకుల నుంచి మక్కలు ఒలుస్తుంటే, మా అమ్మాయి పై మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నేను తలుపు వెనక నిలబడి వినేవాణ్ణి.

ఏం కథ! రేవు దగ్గర ఉమ్మడి కుటుంబం. పెద్దకోడలు ఒకావిడ. ఇంట్లో ఆమె చేత పన్నెండు మందికి వండిస్తారు, తినేటప్పుడు ఆమెకి గిన్నె అడుగు మిగులుస్తారు. ఒకనాడు ఆమె అన్నం వార్చడం మధ్యలో ఆపి బయటికి నడిచింది.

"ఇగ చెప్పు బిడ్డా, పడవెక్కిందా లేదా?" ఓనరక్క చేతిలో కంకి ఆగిపోయింది.

"ఎక్కింది ఆంటీ. కానీ పడవలో తెడ్డు లేదు."

"అయ్యో! మరెట్ల పోయింది?"

"చేతిలో గరిటె ఉందిగా. దాంతోనే తోసుకుంటూ పోయింది."

"గరిటెతోనా! శభాష్. ఆడిదంటే గట్లుండాలె. మరి ఇంట్లోళ్లు?"

"ఒడ్డున నిలబడి అన్నం మాడుతోందని అరిచారు."

ఓనరక్క నవ్విన నవ్వుకి చాటలో మక్కలు మూడో మెట్టు దాకా దొర్లాయి. తలుపు వెనక నేను పొంగిపోయాను. గరిటెతో పడవ! ఎంత గొప్ప రచయిత! అనవసరంగా పదకొండేళ్లు షోకేసులో పెట్టాను. అంతకంటే, నా బిడ్డ చదువుతోంది! ఉండబట్టలేక తలుపు తీసి బయటికి వచ్చి, "ఆ గరిటె ఘట్టం ఉంది చూశారూ, అది నేను జన్మలో మరిచిపోలేనక్కా," అన్నాను. మా అమ్మాయి నన్ను ఒక్క క్షణం చూసి, చూపు మక్కల వైపు తిప్పుకుంది.

అలా మూడు వారాలు. పెద్దకోడలు అవతలి ఒడ్డున భోజన హోటల్ పెట్టింది. పడవవాళ్లందరూ ఆమె పప్పుచారుకి అలవాటు పడి అన్నదమ్ముల రేవు వదిలేశారు. ఓనరక్కకి నిద్ర పట్టడం లేదు. ఒక సాయంత్రం అమ్మాయి లేదనుకుని నన్ను పట్టుకుంది.

"సారూ, నువ్వు మూడుసార్లు సదివినవంట గదా. ఆఖర్ల ఏమైతదో నాకొక్కదానికి చెప్పు. బిడ్డె చెప్తలేదు. నేను పరేషాన్ అయితున్న."

చెప్పకపోతే పరువు పోతుంది. చెప్పాలంటే తెలియదు. కానీ నేను ఎవర్ని? మొక్కజొన్న చేనులో స్విమ్మింగ్ పూల్ చూపించినవాణ్ణి. "అక్కా," అన్నాను, "ఆఖర్న పెద్దకోడలు అదే పడవలో తిరిగి వస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒడ్డున తలలు దించుకుని నిలబడతారు. ఆమె దిగి, 'అన్నం తిన్నారా?' అని ఒకే ఒక్క మాట అడుగుతుంది. ఆ పేజీ మీద నా కన్నీటి మరక ఇప్పటికీ ఉంది."

ఓనరక్క కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లింది. నేను తిరిగి చూస్తే పై మెట్టు మీద మా అమ్మాయి. ముఖం ఎర్రగా ఉంది.

"నాన్నా, లోపలికి రా," అంది. మా ఆవిడ హోటల్ గొంతు దానికి అచ్చంగా వచ్చిందని అప్పుడే తెలిసింది.

లోపల నీలం అట్ట పుస్తకం బల్ల మీద పెట్టింది. "ఇరవై ఎనిమిదో పేజీ చదువు," అంది. చదివాను. అన్నదమ్ముల్లో పెద్దాయన, జన్మలో పెళ్లి చేసుకోనని రేవులో నిలబడి ఒట్టు వేశాడు.

"పెద్దాయనకి పెళ్లే కాలేదు. పెద్దకోడలు ఎక్కణ్ణుంచి వచ్చింది నాన్నా?"

"అది... తర్వాత మనసు మార్చుకుని..."

"సరే, ముప్పై నాలుగో పేజీ తియ్యి."

తీయబోతే రాలేదు. ఆ పుస్తకం కుట్టినవాడు అంచులు సరిగా కోయలేదు. ముప్పై మూడు నుంచి చివరిదాకా కాగితాలు పైఅంచు దగ్గర ఒకదానికొకటి కలిసే ఉన్నాయి, అంటించిన కవర్లలాగా. కత్తితో కోస్తేగానీ ఒక్క పేజీ విప్పడం కుదరదు.

"మూడుసార్లు ఎలా చదివావు? గాలిలోంచా?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది. "తండ్రితో మాట్లాడే పద్ధతేనా ఇది? చదవకుండా ఆవిడకి కట్టుకథలు చెప్పింది నువ్వు కాదూ? ఆవిడ నమ్మి ఏడుస్తోంది!" అని దబాయించాను. పైన విమానం పోతోంది. మామూలుగా ఆగేవాణ్ణి, ఆగలేదు, విమానం మీదుగా అరిచాను. అది పోయేదాకా అమ్మాయి ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా అంది:

"కాగితాలు కోయలేదని నాకు మొదటి వారమే తెలుసు. నువ్వు ఒప్పుకుంటావేమోనని చూశాను. గరిటె దగ్గరైనా పట్టుకుంటావనుకున్నాను. బడిలో మేడమ్ నయం నాన్నా. ఆవిడ కనీసం నోట్సన్నా చదివింది."

నన్ను చాలామంది చాలా అన్నారు. ప్లాటు చూడ్డానికి వెళ్లి దారితప్పినవాళ్లు ఫోన్ చేసి అన్నవి ఇక్కడ రాయలేను. వాటిలో ఏదీ ఇంత లోతుకి దిగలేదు.

అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్టీలు స్కేలు తీసింది. మొదటి కాగితం అంచు కోసిన చప్పుడు నాకింకా వినిపిస్తోంది. "ఏం చేస్తున్నావే?" అన్నాను. "నువ్వు ఇంకా ఎన్ని అబద్ధాలు చెప్పావో చూస్తాను," అంది. తలుపు వేసుకుంది.

పదకొండు రోజులు. నేను చెప్పిన పది గంటల పఠనానందం గాలికి పోయింది. అన్నం తింటూ చదివింది, జడ వేయించుకుంటూ చదివింది, నా మీద కోపంతో చదివింది. ఐదో రోజుకి కోపం నా మీద నుంచి పుస్తకం మీదికి మళ్లింది. గదిలోంచి కేకలు.

"నాన్నా! ఈయనకి బుద్ధుందా?"

"ఎవరికి?"

"రాసినాయనకి! వంద పేజీల నుంచి ఆ చిన్నకోడలి చేత ఒక్క మాటా మాట్లాడించడు. దీపం పెట్టింది, దీపం పెట్టింది, రోజూ దీపమేనా!"

రెండు రోజుల తర్వాత తలుపు ధడాలున తెరుచుకుంది. కళ్లనిండా నీళ్లు. "ఆ రాసినాయన చంపేశాడు! నీళ్లలో తోసేశాడు. ఆమెని ఏం చేయాలో తెలియక తోసేశాడు నాన్నా!"

"ఎవర్నమ్మా? చిన్నకోడల్నా? ఎందుకు?"

"నీకెందుకు చెప్పాలి? మూడుసార్లు చదివావుగా!" మళ్లీ ధడాలున మూసుకుంది.

చూశారా అన్యాయం? టైంటేబుల్ వేసింది నేను. ప్రశ్నలు తయారుచేసింది నేను. సాహిత్య ప్రయోజనం మీద బాల్కనీలో ఉపన్యాసాలిచ్చి గొంతు పోగొట్టుకున్నది నేను. వాటిలో ఒక్కటీ పనిచేయలేదు. పనిచేసింది నా అబద్ధం. ఇంటి నిండా కథ నడుస్తోంది, నాకు మాత్రం ప్రవేశం లేదు. పుస్తకం అడిగితే, "నేను అయ్యాక," అంది. పేజీల పక్కన పెన్సిల్‌తో రాసుకుంటోందని మాత్రం తలుపు సందులోంచి చూశాను. ఒకచోట "అబద్ధం" అని, ఒకచోట "ఇది బాగుంది" అని, "బాగుంది" కింద రెండు గీతలు.

దసరా ముందు ఆదివారం మా ఆవిడకి సెలవు. సోఫాలో కూర్చుని, "చెప్పమ్మా కథ," అంది. సరిగ్గా అప్పుడే ఓనరక్క వచ్చింది, కవర్ నిండా తంగేడు పూలతో, బతుకమ్మ పేర్చడానికి మమ్మల్ని పిలవడానికి. కథ అనగానే కవర్ పక్కన పెట్టి కింద కూర్చుంది.

మా అమ్మాయి ముప్పావుగంట చెప్పింది. రేవూ, అన్నదమ్ములూ, ఏటి మీదికి వస్తున్న వంతెన. వంతెన పూర్తయితే పడవలకి పని ఉండదు. పెద్దాయన ఒక్క రాయి కూడా మోయనివ్వనంటాడు, చిన్నాయన దొంగచాటుగా వంతెన పనికి కూలికి వెళతాడు. చెబుతూ మధ్యలో ఆగి రచయితతో పోట్లాడింది, మళ్లీ అందుకుంది. చిన్నకోడలు నీళ్లలో పడే చోటికి వచ్చేసరికి మా ఆవిడ హోటల్ ముఖం కరిగిపోయింది. నేను నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాను.

"గిదేంది?" అంది ఓనరక్క.

అందరం ఆమె వైపు తిరిగాం.

"గిది గాదు గదా కథ! పెద్దకోడలేది? గరిటెతో పడవ నడిపింది గదా! హోటల్ పెట్టింది గదా! ఏం బిడ్డా, నాకొకటి చెప్పి మీ అమ్మకొకటి చెప్తున్నవా? ఇగో మేడం, కావాల్నంటే సారునడుగు. సారు గూడ చెప్పిండు, ఆమె మర్లొచ్చి 'అన్నం తిన్నరా' అని అడుగుతదని. ఏడ్చిండంట గూడ!"

మా ఆవిడ ముఖం మళ్లీ గట్టిపడింది. మా ఆవిడ లెక్క తేలిక: కథలు రెండు, పుస్తకం ఒకటి. పుస్తకం మూడుసార్లు చదివిన మొగుడు పెద్దకోడలు ఉందని సాక్ష్యం చెప్పాడు. అంటే కూతురు ఇప్పుడు చెప్పింది కల్పన. అంటే బడంగ్‌పేట్.

"ఏమండీ," అంది. "మీరు చదివారుగా. ఏది నిజం?"

నా పరువు కాపాడుకుంటే బిడ్డ హాస్టల్‌కి పోతుంది. బిడ్డని కాపాడుకుంటే పరువు పోతుంది. నేను లేచి నిలబడ్డాను. వణకలేదు. షోకేసు వైపు చేయి చాపి, గంభీరంగా అన్నాను: "నేను ఆ పుస్తకం చదవలేదు. ఈ షోకేసులో ఏదీ చదవలేదు. మీ అందరి ముందూ గొప్పలకు పోయాను. ఈ ఇంట్లో నిజమైన పాఠకురాలు ఒక్కతే ఉంది, ఆమె నా కూతురు. అక్కా, పెద్దకోడలు దాని సొంత సృష్టి. ఆఖరు నా సొంత అబద్ధం. శిక్ష వేయాలంటే నన్ను పంపండి హాస్టల్‌కి." ఓనరక్క కళ్లు చెమర్చాయి. మా ఆవిడ లేచి వచ్చి నా భుజం మీద చేయి వేసింది. అమ్మాయి "నాన్నా" అంటూ పరుగెత్తుకొచ్చి కావలించుకుంది.

ఇదిగో, కల్పించింది ఇదే. ఈ పైన ఉన్న పేరా.

జరిగింది వేరు. మా ఆవిడ "ఏది నిజం?" అని అడిగినప్పుడు నేను లేవలేదు. కాళ్ల వైపు చూసుకుంటూ, "బహుశా... రెండో ముద్రణలో కథ మార్చి ఉంటారు," అన్నాను. అవును, అన్నాను. నా బిడ్డ భవిష్యత్తు బల్ల మీద ఉంటే నేను ముద్రణాలయం మీద నింద వేశాను.

అమ్మాయి నన్ను చూసింది. నాన్న చదవలేదని ఒక్క మాట అంటే దాని మీద మచ్చ పోతుంది. అది అనలేదు.

"ఆంటీకి చెప్పింది నేను కల్పించిందమ్మా," అంది. "అప్పటికి చదవలేదు. నాన్న ఎప్పుడో చదివిందిగా, కలిపేసుకుని ఉంటాడు. తర్వాత నిజంగా చదివాను. కావాలంటే ఏ పేజీ అయినా అడుగు."

మా ఆవిడ అడిగింది. నిజంగానే పుస్తకం తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, ఇష్టమొచ్చిన చోట తెరిచి ఎనిమిది ప్రశ్నలు అడిగింది. ఎనిమిదింటికీ జవాబు వచ్చింది. ఒకదానికి మాత్రం, "ఆ పేజీ ఉత్త సోది, దాటేసి చదివినా ఏం నష్టం లేదు," అని వచ్చింది. మా ఆవిడ ఆ పేజీ మొత్తం తను చదువుకుని, "నిజమే," అని పుస్తకం మూసింది. హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఓనరక్క మాత్రం తేల్చుకోలేకపోయింది. "అచ్చయిన కథ కంటే నీదే బాగుంది బిడ్డా. ఆ హోటల్ తర్వాత ఏమైందో జర చెప్పు," అని, తంగేడు పూల కవర్ చంకన పెట్టుకుని, అమ్మాయిని తీసుకుని కిందికి వెళ్లింది.

మా ఆవిడ వంటింట్లోకి వెళుతూ నాతో, "పాపం, మూడుసార్లు చదివినా మర్చిపోయారా," అంది. జాలిగా అంది. నేను తలూపాను. ఆ తలూపడం మీద నాకు వచ్చినంత కోపం ఆ సున్నా మీద కూడా రాలేదు.

అమ్మాయి ఇప్పటివరకూ ఆ విషయం ఎత్తలేదు. నవంబరులో ఇంకో రెండు పుస్తకాలు చదివింది, వేటినీ నన్ను ఎంచనివ్వలేదు. రోజూ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, నేను చదివానా లేదా అని అడక్కుండా, ఏ పేజీలో ఏం జరిగిందో చెబుతుంది. అడిగి ఉంటే తేలికగా ఉండేది.

మా ఆవిడ ఆదివారం పత్రిక రాగానే ముందు నా పేజీయే చదువుతుంది, ఎవరి గురించి ఏం పెంచి రాశానో చూడటానికి. ఈపాటికి ఇక్కడిదాకా వచ్చే ఉంటుంది. ఇదొక్కటి భాగించకు. నేను ఆ పుస్తకం చదవలేదు.